గేటు బయట మామ

శనివారం పొద్దున జీవమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. వెనక షెడ్డులో నాటుకోళ్లు పోటీపడి కూస్తున్నాయి. ఆ కూతలకు డోన్ జంక్షన్‌లో నిద్రపోతున్న గూడ్సుబండి ఉలిక్కిపడి లేచి, గుంతకల్లు దాకా ఆగకుండా పరిగెత్తిందని ఆమె భర్త సుందరం అందరికీ చెబుతుంటాడు. ఆయన మాటల్లో సగం కొట్టేసినా ఇంకా సగం ఎక్కువే మిగులుతుంది.

కూతురు స్తుతి సెలవులకు ఇంటికి వచ్చింది. బయోసెక్యూరిటీ, బయోటెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో పీజీ చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. రోగాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకకుండా కాపలా కాయడం, ల్యాబులో పుట్టిన టీకాను పల్లె దాకా చేర్చడం, ఇదీ ఆ చదువు. సెలవుల్లో ఏదో ఒక ఫారానికి రక్షణ ఏర్పాట్లు చేసి చూపించమని సార్లు చెప్పారు. స్తుతి సొంత షెడ్డునే ఎంచుకుంది. ఇల్లూ షెడ్డూ ఒకే గేటు లోపల ఉన్నాయి కాబట్టి గేటు ముందు సున్నంతో గీత గీసింది. పక్కన ఊదారంగు మందునీళ్ల తొట్టి పెట్టింది. బయటివాళ్లు చెప్పులు విడిచి, తొట్టిలో కాళ్లు ముంచి రావాలి.

"రోగం కూడా మనుషుల మాదిరి గేటు తీసుకోని వస్తాదా?" అన్నాడు సుందరం, మేత మూట భుజానికెత్తుకుని.

"మన కాళ్లకంటుకోని వస్తాది నాయనా."

"అట్లయితే నేను చేతుల మీద నడుస్తాలే." నవ్వుతూ గీత దాటి నేరుగా షెడ్డులోకి పోయాడు. ఇంటాయన కదా అని స్తుతి ఊరుకుంది.

అంతలో వసంతకుమార్ వచ్చాడు. జీవమ్మకు ఒకే ఒక్క అన్న. అమ్మానాయనా పోయాక ఆమెకు పుట్టిల్లంటే ఆయనే. ప్యాపిలి పక్క పల్లెలో ఆయనకూ కోళ్లున్నాయి. సుందరానికి ఈ పని నేర్పింది కూడా ఆయనే. చంకలో పుంజు, మొహం నిండా నవ్వు.

"వందనాలు మామా. ఆడనే ఆగు."

"ఏం కోడలా, దండ ఏస్తావా?"

"కాదు మామా. మీ షెడ్డు నుంచి వస్తాండావు గదా. ఆ పుంజు లోపలికి రాకూడదు. చెప్పులు పక్కన ఇడిసి, ఈ తొట్టిలో కాళ్లు పెట్టు."

"నీ కోసమే తెచ్చినా పాపా."

"తెలుసు మామా. ఐనా రూలు రూలే."

వసంతకుమార్ గీతను చూశాడు, తొట్టిని చూశాడు. షెడ్డు గుమ్మంలో నిలబడిన సుందరం కాళ్ల వైపు చూశాడు. దుమ్ము దుమ్ముగా ఉన్నాయి.

"మీ నాయన ముంచలేదే?"

"నాయన ఇంట్లో మనిషి గదా మామా."

ఆయన పుంజును చంకలో సర్దుకుని వెనక్కి తిరిగి నడిచాడు. జీవమ్మ తెడ్డు చేతిలో పట్టుకునే "అన్నా, ఓన్నా" అంటూ వీధి మలుపు దాకా పరిగెత్తింది. అప్పటికే ఆయన ఎక్కిన ఆటో కదిలింది.

తిరిగొచ్చి కూతురి ముందు నిలబడింది. "మా అన్న బయటోడా మ్మే?"

"అమ్మా, రోగమొస్తే ఒక్క పూటలో షెడ్డంతా ఖాళీ అయితాది."

"కోళ్లు పోతే మళ్లా తెచ్చుకుంటాం. అన్నను యాడ తెచ్చుకుందును?"

స్తుతి తండ్రి వైపు చూసింది. ఎప్పుడూ కోతలు కోసే మనిషి, ఈసారి షెడ్డు గుమ్మం దిగి కూతురి దగ్గరికి వచ్చాడు.

"మీ అమ్మ వాళ్ల నాయన పెద్దోళ్ల వీధిలో చెప్పులు చేత పట్టుకోని నడిచినోడు," అన్నాడు. "కూలి కోసం వాళ్ల గేటు బయట, వాళ్లు పిలిచేదాకా ఎండలో నిలబడుతుండె. చిన్నప్పుడు మీ మామ ఆయన పక్కనే నిలబడినాడు. పెద్దయినాక ఒక్క చర్చి కాడ తప్ప యాడా ఎవురు చెప్పినా చెప్పులు ఇడవలేదు. ఈ పొద్దు నువ్వు ఇడవమన్నావు. ఆయన ఈ ఇంట్లో కాలు పెట్టేదాకా నువ్వు చదువుకు పోయేది లేదు."

స్తుతి గేటు దగ్గర కూర్చుండిపోయింది. చెప్పు అడుగున క్రిమి ఎన్నాళ్లు బతుకుతుందో ఆమెకు తెలుసు. ఏర్పాట్లకు జనాన్ని ఎలా ఒప్పించాలో చెప్పే పేపరులో క్లాసుకంతా ఆమెదే మొదటి మార్కు. కానీ క్రిమికి ఇంట్లో మనిషి, బయటి మనిషి అనే తేడా తెలియదు. ఆ తేడా గీసింది తనే. సున్నం డబ్బా పట్టుకున్నదీ తన చెయ్యే.

లేచి, మందు సీసా సంచిలో వేసుకుని బస్సెక్కింది.

మామ ఇంటి గేటు ముందు చెప్పులు విడిచి, లోపలికి పోకుండా బండల మీద నిలబడింది. అత్త మహిమ బయటికి వచ్చింది.

"లోపలికి రా మ్మే, ఎండలో ఏం పని?"

"లేదత్తా. మా షెడ్డు నుంచి వచ్చినా. నా కాళ్లకు ఏముండాదో నాకే తెలీదు, మీ కోళ్లకు అంటకూడదు. మామ నీళ్లిస్తే కడుక్కోని వస్తా."

వరండాలో మంచం మీదున్న వసంతకుమార్ మొహం తిప్పుకున్నాడు. "మీ రూలు మీ ఇంట్లో పెట్టుకోపో."

"అది తప్పు రూలు మామా. నాయనకు లేకుండా, నాకు లేకుండా, నీ ఒక్కనికే పెట్టినా. రూలంటే ముందు నాకుండల్ల. తాత సంగతి నాకు తెలీదు. ముందే చెప్పింటే కూడా అర్థమయ్యేది కాదేమో. ఇప్పుడు అర్థమైతాంది. కాళ్లు శానా కాల్తాండాయి."

మంచం కిర్రుమంది. వసంతకుమార్ లేచాడు. "అట్ల నిలబడొద్దు పాపా. మా నాయన ఇట్లనే..."

ఆయనే బకెట్టు, చెంబు తెచ్చాడు. స్తుతి ఇచ్చిన మందు ఆయనే కలిపాడు. గేటు బయట గొంతుక్కూచుని మేనకోడలి కాళ్ల మీద నీళ్లు పోసి, చేత్తో రుద్ది కడిగాడు.

"వద్దు మామా, పెద్దోనివి."

"నిలబడు. సరిగా కడగకుంటే మళ్లా నువ్వే మార్కులు కోస్తావు."

స్తుతి నవ్వబోయి ఏడ్చింది. చెంబు లాక్కుని తనూ కూర్చుంది. "ఇప్పుడు నీ కాళ్లు ఇట్లియ్యి."

"నేను యాడికి పోతాండా?"

"మా ఇంటికి. అమ్మ పొద్దున్నుంచి నోట్లో మెతుకు పెట్టలేదు."

ఆయన బండ మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా కుడికాలు ముందుకు చాపాడు.

బస్టాండులో ఉండగా జీవమ్మ నుంచి ఫోను వచ్చింది. వసంతకుమార్ మేనకోడలి చేతిలోంచి తీసుకున్నాడు.

"జీవా, నేనే. బస్సెక్కుతాండాం. మీ ఆయనను కాళ్లు కడుక్కోని గేటు కాడ ఉండమను. ఈ సారి ఆయప్పను నేను ఆపుతా."

అవతల చెల్లెలు ఏడుపు ఆపుకుని ముక్కు చీదుకోవడం మాత్రం వినిపించింది. ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే బస్సెక్కి, పక్కన స్తుతికి చోటు ఉంచాడు.