ఆర్క్‌లెస్ గారి లీకుమడి

"మా ఆయన్ని ఊరొదిలి పొమ్మంటున్నారండీ! ఏ పాపమూ ఎరగని మనిషి!" అంటూ నోరా పీల్ న్యూకాసిల్‌లోని ఆ ఆఫీసులోకి వచ్చి పడింది. ప్రైవేటు డిటెక్టివ్ ఫెన్విక్ కుర్చీ చూపించాడు. సహాయకురాలు హిల్డా టీ చేతికిచ్చింది.

నోరా తండ్రి మాట్ ఆర్క్‌లెస్ పాత బొగ్గుగని కార్మికుడు. ఊరి పోటీ కోసం కన్నబిడ్డల్లా సాకిన లీకులు, ఉల్లికి పెదనాన్న వరసయ్యే ఆ లావుపాటి కాడలు, నిన్న రాత్రి ఎవరో కసిగా నరికేశారు. లండన్ అల్లుడు డెస్మండ్ పనేనని ఊరు ఊరంతా తీర్పిచ్చేసింది.

ఫెన్విక్ వాళ్ళ ఊరెళ్ళి మడి దగ్గర వంగి చూశాడు. మెత్తటి మట్టిలో ఒక్క అడుగుజాడ లేదు. నరికినవాడు సాళ్ళ మధ్య పరిచిన చెక్కల మీదే నడిచాడు.

"నువ్వెప్పుడైనా మడిలోకి వెళ్ళావా?" అని అల్లుణ్ణి అడిగాడు.

"ఆమధ్య ఒకసారి మట్టి తొక్కుకుంటూ వెళ్ళానండీ. మామగారు చెడామడా తిట్టారు. చెక్కలెందుకో నాకిప్పటికీ తెలీదు."

"మరి లీకులు పెంచే మిగతావాళ్ళు?"

"రాత్రంతా అందరూ క్లబ్బులో పోటీకి బల్లలు సర్దుతున్నారు," అంది గోడ అవతల నిలబడ్డ పొరుగామె. "డెస్మండ్ మంచి కుర్రాడే, కానీ పరాయివాడు కదా!"

ఇంగ్లీషువాళ్ళ మెప్పుకోలుకు తోక ఉంటుంది. ఎంత పొగిడినా చివర ఒక 'బట్' తగిలిస్తే గానీ తిన్నది అరగదు. అసలు మాటంతా ఆ తోకలోనే. హిల్డా అది వింటూ పెరిగిన పిల్లే.

మాట్ మాత్రం కళ్ళు దించుకుని, "అల్లుడు మంచివాడు" అని ఊరుకున్నాడు. నోరా తెల్లబోయింది. "ఏనాడూ 'కానీ' లేకుండా అనలేదండీ!" అని హిల్డా చెవిలో గొణిగింది.

సాయంత్రం ఫెన్విక్ అందర్నీ మాట్ వంటింట్లో కూర్చోబెట్టాడు.

"మొక్కల్ని చంపడానికొచ్చినవాడు మట్టి అణగకుండా చూసుకున్నాడు. చేతిలో కత్తి ఉన్నా కాళ్ళు అలవాటు మానలేదు. అంటే లీకులు పెంచేవాడే. మిగతావాళ్ళంతా క్లబ్బులో ఉన్నారు. ఇక మిగిలింది మీరు, మాట్ గారూ. ఇన్నాళ్ళూ అల్లుడికి వంక పెట్టనిదే వదల్లేదు. తిట్టడానికి నిజంగా కారణం దొరికిన రోజున నోరు రాలేదేం? చేసింది మీరు గనక."

మాట్ బల్ల మీద తల వాల్చేశాడు. "వాడు పోతే నా తల్లి నా దగ్గరే ఉండిపోతుందనుకున్నా."

"నీ సాధింపులన్నీ పడి కూడా రోజూ వస్తూనే ఉన్నా కదా నాన్నా!" నోరా కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఇక రాను."

ఛీ, ఏం గెలుపు ఇది, అనుకుంది హిల్డా.

డెస్మండ్ గుమ్మంలో ఆగి, "పెద్దాయన ఒక్కరే ఉంటారు, నోరా," అన్నాడు. ఆమె అప్పటికే వీధిలోకి దిగిపోయింది.