స్టీరింగుకు చుట్టిన కురులు

కార్తీక అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నడినెత్తిన మండవలసిన సూర్యుడు నల్లటి మేఘాల వెనక ఎక్కడో అణగిపోయాడు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం మూడు రోజులుగా మైపాడు తీరం మీద తిష్ఠ వేసింది. సరుగుడు తోపుల్లో గాలి ఈల వేస్తోంది... సముద్రం కాలసర్పంలా బుసలు కొడుతోంది. ఆ తోపులకు అవతల, పదేళ్ల కిందట మూతబడి పాడుపడిన రొయ్యపిల్లల హేచరీ ఒకటి ఉంది. దాని తుప్పుపట్టిన రేకుల కప్పు కింద గుడ్లగూబ పట్టపగలే కర్ణకఠోరంగా కూసింది.

నీళ్లు లేని సిమెంటు తొట్టి అడుగున ఓబులేసు పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో అతన్ని పాత ఇనుము కొనే మనిషిగానే ఎరుగుదురు. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఇప్పుడు ఆ ఒంటినిండా చితాభస్మం... కళ్లలో నిప్పుకణికలు! ఎదుట కుంకుమరాశి మీద ఒక కపాలం. దాని ముందు ఎముకల పొడితో గీసిన షట్కోణం. ఆ షట్కోణం నడుమ ఒక కారు స్టీరింగు!

నల్లటి తోలు చుట్టి, చేత్తో కుట్టిన స్టీరింగు అది. ఓబులేసు ఆ కుట్టును వేలితో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. అక్కడ దారంతో పాటు నాలుగైదు పొడవాటి తలవెంట్రుకలు పెనవేసుకుని ఉన్నాయి. అతని పెదవుల మీద పైశాచిక మందహాసం మెదిలింది. రాగిసూదిని పైకెత్తి, బీజాక్షరాలు గొణుగుతూ ఆ కురుల్లోకి కసుక్కున గుచ్చాడు.

ఆకాశం ఫెళ్లున పగిలింది!

సరిగ్గా ఆ క్షణాన, అక్కడికి మూడు మైళ్ల దూరంలోని పట్టపుపాలెంలో, వాకిట్లో చేపలు శుభ్రం చేస్తున్న స్వర్ణ వెనక్కి విరుచుకుపడింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. రెండు చేతులూ గాలిలోకి లేచి, కనిపించని చక్రాన్ని దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుపోయాయి. పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లు నలుగురు కలిసి లాగినా ఆ పిడికిళ్లు విడలేదు. ఆమె గొంతులోంచి ఆడమనిషిది కాని గుర్రుమనే మోత ఒకటి సన్నగా మొదలై, వాకిలంతా నిండింది...

స్వర్ణ భర్త గణేష్ కృష్ణపట్నం రేవులో క్రేన్ నడుపుతాడు. తల్లీతండ్రీ లేని అతన్ని చిన్నాయన చిన్నపోలయ్య తన పడవ మీద కష్టపడి పెంచాడు. గణేష్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే, కార్లు. ఆరేళ్ల కిందట చెన్నై వరదల్లో మునిగి, ఎవరూ ముట్టని ఒక రెండు తలుపుల స్పోర్ట్స్ కారును కొని లారీ మీద తెచ్చుకున్నాడు. దానికి ప్రాణం పోసింది అతనూ, అతని స్నేహితుడు వినోదూ. ఇద్దరూ ఒక బెంచీ మీద చదువుకున్నవాళ్లు. వినోద్‌కు నెల్లూరులో కార్ల షెడ్డు ఉంది. ప్రతి ఆదివారం ఇద్దరూ ఆ కారు కింద దూరేవారు. కంపెనీ ఇచ్చిన సామాను ఒక్కొక్కటే తీసేసి, బయట నుంచి తెప్పించిన, ఇంజను జోరు పెంచే టర్బో, పెద్ద సైలెన్సరు, అల్లాయ్ చక్రాలు, పందెపు కార్లకు ఉండే సీట్లు బిగించారు. నిమ్మపండు రంగు వేశారు. మధ్యాహ్నం అయ్యేసరికి స్వర్ణ చేపల పులుసు, అన్నం షెడ్డుకే తెచ్చేది. భర్తకంటే ముందు వినోద్‌కు వడ్డించి, "తిను అన్నా, మళ్లీ నూనె చేతులైపోతాయి" అనేది. వినోద్‌కు తోబుట్టువులు లేరు. ఆమెను చెల్లెమ్మా అని తప్ప పిలిచేవాడు కాదు.

కొత్త స్టీరింగుకు తోలు కుట్టింది కూడా స్వర్ణే. వలలు అల్లే ఇంట్లో పుట్టిన పిల్ల. ముడి వేసిందంటే ఊడదు. చివర జానెడు కుట్టు మిగిలి ఉండగా దారం తక్కువైంది. ఆమె తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు నాలుగు పేని, ఉన్న దారానికి కలిపి పూర్తిచేసింది. నన్ను వదిలి యాడికి పోతాడో చూస్తా అని నవ్వింది. పక్కనే కూర్చుని ఉన్న వినోద్ కూడా నవ్వాడు.

ఈ ఏడు ఆశ్వయుజంలో వచ్చిన తుఫానుకు చిన్నపోలయ్య పడవ రెండు ముక్కలైంది. ముసలాయన ఒడ్డున ఆ చెక్కల పక్కనే కూర్చుండిపోయాడు. అది చూసి గణేష్ కారు అమ్మేస్తానన్నాడు. అప్పుడే వినోద్ ఒక బేరగాణ్ని తీసుకొచ్చాడు. అతనే ఓబులేసు. కారును ముక్కలు చేయననీ, ఉన్నది ఉన్నట్టుగా నడుపుకుంటాననీ మెత్తగా చెప్పాడు. అమ్మకం కాగితం వినోదే రాయించి తెచ్చాడు. "కారును, దానికి బిగించిన, చుట్టిన, కుట్టిన సమస్తమును మనస్ఫూర్తిగా అమ్మితిని. వానిపై నాకు గాని నా వారికి గాని ఇకమీదట ఏ హక్కును లేదు" అని ఉంది అందులో. ఇంత భాష ఎందుకురా అని గణేష్ నవ్వి, చదవడం కూడా సగంలో ఆపి సంతకం పెట్టాడు. కింద సాక్షిగా వినోద్ సంతకం చేశాడు. వినోద్ కారు వైపు చూడకుండా మొహం తిప్పుకుంటే, కారు పోతున్నందుకు వీడికీ బాధగా ఉందనుకుని గణేష్ అతని భుజం తట్టాడు.

ఆ సాక్షి సంతకం వెనక ఎంత ఘోరం పొంచి ఉందో ఆ అమాయకుడికి ఏం తెలుసు!

స్వర్ణ పడిపోయిన నాటి నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు. నెల్లూరులో ఇద్దరు డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఒంట్లో ఏ లోపమూ లేదన్నారు. ఆమె రోజురోజుకూ ఎండిపోతోంది. మిట్టమధ్యాహ్నం కాగానే చేతులు చక్రం పట్టినట్టు లేస్తాయి. వికృతమైన గుర్రు... ఆపై గావుకేక! పొద్దు వాలాక తెలివి వచ్చి దాహమని అడుగుతుంది. వినోద్ దాదాపు రోజూ కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చేవాడు. మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకునేవాడు. ఆమె చిక్కిపోతున్న కొద్దీ అతని ముఖంలో రంగు తేరుతోందని ఎవరూ గమనించలేదు.

ఇరవై తొమ్మిదో రోజు. మార్గశిర అమావాస్య. తెల్లవారి స్వర్ణకు కాస్త తెలివి వచ్చింది. చిన్నపోలయ్యను దగ్గరకు పిలిచింది.

"మామా, నన్నెవురో కొనుక్కున్నట్టుండాది. లోపల నేను లేను. నన్ను పోలేరమ్మ కాడికి తీసకపో."

ముసలాయన ఆమెను చంటిపిల్లలా భుజాన వేసుకుని, ఇసుకదిబ్బ మీద ఉన్న అమ్మవారి గుడికి నడిచాడు. తనూ వస్తానన్న గణేష్‌ను మందులు తెమ్మని నెల్లూరు పంపాడు.

మందుల షాపు ముందు నిలబడి ఉన్నప్పుడు, ఏమీ తోచక గణేష్ ఫోనులో పాత సామాన్లు అమ్మే యాప్ తెరిచాడు. మొదటి బొమ్మ చూసి అతని గుండె ఆగినంత పనైంది. అది తన సైలెన్సరే! అంచున తన సుత్తిదెబ్బకు పడిన సొట్ట అలాగే ఉంది. కిందికి జరిపితే చక్రాలు, సీట్లు, టర్బో... అమ్మేవారి నంబరు వినోద్‌ది.

షెడ్డులో వినోద్ ఆ చక్రాలను తుడుస్తూ కనిపించాడు. గణేష్‌ను చూసి గుడ్డ కింద పడేశాడు. గణేష్ ఒక్కొక్క భాగాన్నే చూసుకుంటూ వచ్చాడు. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"స్టీరింగేదిరా?"

వినోద్ నేల మీద చతికిలబడ్డాడు. ఆ తర్వాత అంతా కక్కాడు. ఏడాదిగా తన రక్తం విషమైపోతోందనీ, ఎక్కువ కాలం లేదని డాక్టర్లు చెప్పారనీ, ఎవరికీ చెప్పుకోలేక ఓబులేసు కాళ్లు పట్టుకున్నాననీ అన్నాడు. ఒక మనిషి కురులున్న వస్తువు కావాలనీ, దాన్ని ఆ ఇంటివాళ్లే ఇష్టపూర్వకంగా అమ్మాలనీ ఆ మాంత్రికుడు చెప్పాడట. ఆ ప్రాణంలో సగం కపాలానికి, సగం వినోద్‌కు. స్టీరింగు తాను ఉంచుకుని, మిగతా సామాను నువ్వే అమ్ముకొమ్మని పారేశాడట. ఈ అమావాస్య పన్నెండు గంటలకు, తోపుల అవతలి పాడుపడిన హేచరీలో రెండో సూది. దానితో అంతా సరి...

"ఆ వెంట్రుకలు స్వర్ణవని నీకు తెలుసునా?"

"తెలుసు. కుట్టేటప్పుడు పక్కనే ఉంటి కదరా."

"లోకంలో ఇంకెవురూ దొరకలేదా నీకు?"

వినోద్ తల ఎత్తలేదు. "చదవకుండా సంతకం పెట్టేంత నమ్మకం నా మీద ఇంకెవురికుండాది?"

గణేష్ పిడికిలి బిగించాడు. కానీ కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఆరేళ్ల ఆదివారాలు, ఆ పులుసన్నం, ఆ పిలుపు అన్నీ ఒక్కసారిగా అడ్డం పడ్డాయి. అప్పటికి పదకొండు దాటింది. బండెక్కి తీరం వైపు దూసుకుపోయాడు.

హేచరీ చేరేసరికి పగలే చిమ్మచీకటి! వర్షం లేదు... ఉరుములు మాత్రం తెరిపి లేకుండా దొర్లుతున్నాయి. తొట్టి అడుగున హోమం భగ్గున మండుతోంది. ఓబులేసు అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. గణేష్ తొట్టి గట్టు మీదికి ఎక్కాడు. అంతే... కాళ్లు సిమెంటులో పాతినట్టు బిగుసుకుపోయాయి!

"దిగలేవు అబ్బయ్యా," అన్నాడు ఓబులేసు, అదే మెత్తటి గొంతుతో. "నీకు హక్కు లేదని నువ్వే రాసిచ్చినావు." కాగితాన్ని కపాలం కింద నుంచి తీసి చూపించాడు. "కావాలంటే చూడు. పిలుస్తా. దానంతట అదే నడిచొస్తాది."

కపాలం మీద రక్తతర్పణం విడిచి, సముద్రం వైపు తిరిగి ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు ఇసుకలో ఒక ఆకారం కనబడింది. స్వర్ణ! విరబోసుకున్న జుట్టు... ముఖాన పసుపు... చక్రం పట్టినట్టు ముందుకు చాచిన చేతులు. నెల రోజులుగా మంచం దిగని మనిషి ఆ గాలికి ఎదురు నడిచి వస్తోంది. ఆమెకు చాలా వెనక, వేపమండలు పట్టుకుని, రొప్పుతూ చిన్నపోలయ్య.

ఓబులేసు వికటాట్టహాసం చేశాడు. గణేష్ గొంతు చించుకుని భార్యను వెళ్లిపొమ్మని అరిచాడు. ఆమె వినలేదు. మెట్లు దిగి తొట్టిలోకి వచ్చి, షట్కోణం అంచున నిలబడింది. మాంత్రికుడు సూది ఎత్తాడు.

అప్పుడు ఆమె పిడికిళ్లు విడిపోయాయి. నెల రోజులు ఎవరూ విప్పలేకపోయిన వేళ్లు, ఒక్కొక్కటే, నింపాదిగా తెరుచుకున్నాయి.

"ఎవుడ్రా నా బిడ్డను కొన్నది?"

ఆ గొంతు స్వర్ణది కాదు. ఓబులేసు ఆ కపాలంలోకి ఆవాహన చేసిన ప్రేతానిదీ కాదు. ఆ ఒక్క మాటకు హోమం తడి కట్టెలా ఆరిపోయింది. కప్పు కింద గుడ్లగూబ దబ్బున రాలిపడింది.

ఓబులేసు మొదటిసారి తడబడ్డాడు. కాగితం ముందుకు చాచాడు. ఇది కొన్న సొత్తనీ, మొగుడు సంతకం పెట్టాడనీ, సాక్షి కూడా ఉన్నాడనీ గబగబా చెప్పాడు.

"వాడిదైతే కదరా వాడు అమ్మేదానికి!" అంది పోలేరమ్మ. "మొగుడైతే మొగుడు. ఆ పిల్ల వాడి సొత్తు యెప్పుడయ్యింది? పొద్దున నా గడపలో కూర్చొని, నేను నీదాన్నమ్మా అని తన నోటితో చెప్పింది. అది చెల్లుతాది. నీ కాగితం చెల్లదు."

కాగితం అతని వేళ్లలోనే బూడిదైంది. ఓబులేసు కసిగా స్టీరింగును రెండు చేతులా పట్టుకుని గుండెకు హత్తుకున్నాడు. తోలు అతని అరచేతులకు అంటుకుపోయింది! విదిలించాడు... రాలేదు. చక్రం తనంతట తాను తిరగసాగింది. దానితో పాటు మోచేతులు, భుజాలు... ఎముకలు పటపట విరుగుతున్న చప్పుడు! అతని ఆర్తనాదం ఉరుముల్లో కలిసిపోయింది. అదే సమయాన, సముద్రపు నీళ్లు తోడేందుకు ఒకప్పుడు వేసిన పెద్ద గొట్టం భళ్లున బద్దలైంది. కడలి ఆ తొట్టిలోకి ఉరికింది.

కాళ్లు విడివడిన గణేష్ దూకి స్వర్ణను పట్టుకున్నాడు. చిన్నపోలయ్య పైనుంచి చెయ్యి అందించాడు. వాళ్లు గట్టెక్కి వెనక్కి చూసేసరికి, సుడి తిరుగుతున్న నల్లటి నీళ్లలో కపాలం ఒక్కసారి తేలి రెండుగా చీలింది. ఓబులేసు మళ్లీ తేలలేదు.

స్వర్ణ కోలుకోవడానికి నెల పట్టింది. పడిపోయిన నాటి నుంచి జరిగింది ఆమెకు ఏదీ గుర్తులేదు. గణేష్ అంతా చెప్పాడు, వినోద్ సంగతి తప్ప. వినోద్ ఎందుకు రావడం లేదని ఆమె అడిగి అడిగి, చివరికి చిన్నపోలయ్య నోట విన్నది. విన్న రోజు అన్నం ముట్టలేదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక ట్రాలీ ఆటో వాళ్ల ఇంటి ముందు ఆగింది. నిండా నిమ్మపండు రంగు తలుపులు, చక్రాలు, సీట్లు, సైలెన్సరు. ముందు సీట్లోంచి వినోద్ దిగాడు. మొహం పాలిపోయి, చొక్కా వదులై, పదిహేనేళ్ల వయసు అదనంగా మీద పడినట్టున్నాడు. గణేష్ గేటు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు. పక్కకు జరగలేదు.

స్వర్ణ లోపలి నుంచి వచ్చింది. వినోద్ అలవాటుగా చెల్లెమ్మా అనబోయి, సగంలో మింగాడు. సామాను ఒక్కటి కూడా అమ్మలేదని, మొత్తం తెచ్చానని ఏదో గొణిగాడు.

ఆమె ఆ సామాను వైపు చూడలేదు. అతని ముఖమే చూసింది.

"నీకు బాగలేదని నాతో ఒక్కమాట అనలేదే అన్నా. నా రక్తం కావాలని అడిగుంటే, ఇచ్చేదాన్నే కదా."

ఆటోవాడు దిగొచ్చి, సామాను ఎక్కడ దించమంటారని అడిగాడు. స్వర్ణ లోపలికి వెళ్లిపోయింది. గణేష్ గేటు వేసి గొళ్లెం పెట్టాడు.