అభిప్రాయం రాయనన్నాడు

"వీళ్లింట్లో ఎవరు పోయారండీ?"

వెనక నుంచి ఆ గొంతు వినగానే కొత్తమ్మాయికి గుండె గుభేలుమంది. ఎర్రపెన్ను!

అది వాషింగ్ మెషిన్లు అమ్మే కంపెనీ. కస్టమర్లకు ఇంగ్లీషులో వెళ్లే ప్రతి జవాబునూ చదివి దిద్దే సీనియర్ అతను. దిద్దేది కంప్యూటర్లోనే అయినా తెర నిండా ఎరుపే మిగులుతుంది కాబట్టి ఆఫీసంతా ఆ పేరు ఖాయం చేసేసింది.

"ఎవరూ పోలేదు సార్. మెషిన్ ఆగిపోయింది, అంతే."

"మరి 'ఐ ఫీల్ హార్ట్‌బ్రోకెన్' అని రాశారేంటి? ఉత్తరం రాసిన పెద్దాయన రిపేరు చేయించమన్నాడు గానీ సంతాపసభ పెట్టమనలేదు కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమెకు భూమి చీలితే బాగుండుననిపించింది. పుట్టుకతోనే పిరికిది. రాసే ప్రతి వాక్యానికీ ముందు 'ఐ థింక్' తగిలిస్తుంది, అది కుదరకపోతే 'ఐ ఫీల్'. రేపు తప్పని తేలితే, ఏదో అనుకున్నానంతేనని తప్పించుకోవచ్చని ఆశ. ప్రొబేషన్ ఈ వారంతో అయిపోతుంది. ఉద్యోగం ఉండాలా ఊడాలా అన్నది ఇతను రాసే అభిప్రాయం మీదే ఉంది. అక్కాబావల ఇంట్లో ఇంకెన్నాళ్లని తలదాచుకుంటుంది?

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఎంత నమ్మకముంటే అంత మాటే వాడండి. అనుమానంగా ఉందా, 'ఇట్ సీమ్స్ టు మి' అనండి. మీ మటుకు మీకు సరే అనిపిస్తే 'ఇన్ మై వ్యూ'. ఒట్టేసి చెప్పగలిగితే 'ఐయామ్ కన్విన్స్‌డ్'."

"మరి ఫీలింగ్స్ సార్?"

"వాటికి పేరు పెట్టకండి. 'వారం రోజులుగా బట్టలు చేత్తో ఉతుక్కుంటున్నారని చదివాను' అనండి. మీరు బాధపడ్డారని ఆయనకే తెలుస్తుంది."

అలా చెప్తున్నప్పుడు అతను తెర వైపు కాక తన వైపు చూస్తున్నాడని ఆమె గమనించింది. చూపు కలవగానే ఇద్దరూ ఒకేసారి తెరకేసి తిరిగారు. ఆమెకు మళ్లీ భయమేసింది, అయితే ఈ భయం ఉద్యోగం గురించి కాదు. అది వేరే రకం.

మర్నాడు మధ్యాహ్నం పక్కసీటు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమే, విన్నావా? నీ గురించి అభిప్రాయం రాయనని మేనేజర్ మేడమ్‌కి చెప్పేశాడట ఎర్రపెన్ను!"

రాయను అనేంత పనికిమాలినదయిందా తను? ఏడుపుతో పాటు కోపం కూడా తన్నుకొచ్చింది. తిన్నగా వెళ్లి, మెట్లు దిగబోతున్న అతన్ని నిలదీసింది. కిటికీ అవతల వాన దంచికొడుతోంది.

"చెడ్డగా రాసినా పడేదాన్ని సార్. అసలు రాయననడమేంటి?"

అతని ముఖం పాలిపోయింది. అందరినీ హడలగొట్టేవాడు మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఫైల్ వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి అదే ముందు తెరుస్తున్నాను. అందులో తప్పుల్లేకపోతే దిగులేస్తోంది, మిమ్మల్ని పిలవడానికి సాకు ఉండదని. ఇలాంటివాడు మీ పని గురించి న్యాయంగా ఎలా రాస్తాడండీ? అందుకే మేడమ్‌నే చదివి తేల్చమన్నాను."

ఆమె ఏదో అనబోయింది.

"ఇప్పుడేం చెప్పొద్దు. మీ ఉద్యోగం ఖాయం చేస్తూ మేడమ్ సంతకం పెట్టేదాకా అసలు చెప్పొద్దు. తర్వాత వద్దన్నా సరే, మీ ఉద్యోగం జోలికి నేను రాను," అని గబగబా కిందికి దిగిపోయాడు.

ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందేమోనని ఒక భయం. ఉంటే అతనికి జవాబు చెప్పాలి కదా అని అంతకు మించిన భయం. ఉండబట్టలేక అక్కకు చెప్పేసింది.

"తన చేతిలో ఉన్న అధికారాన్ని తనే వదులుకున్నాడంటే మంచివాడేనే," అంది అక్క. "మీ బావకి నేను చెప్పుకుంటాలే. నువ్వు ముందు అతనికి చెప్పి ఏడు!"

శుక్రవారం మేడమ్ ఆమె జవాబులన్నీ చదివి, నాలుగు ప్రశ్నలు వేసి, సంతకం పెట్టింది. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం గేటు దగ్గర అతను వాన తగ్గడం కోసం చూస్తున్నాడు. ఆమెను చూసి నవ్వబోయి మానేశాడు. ఏమీ అడగలేదు. ఆమె గుండె చప్పుడు వానను మించిపోయింది. ఇంగ్లీషులో వందరకాలుగా తిప్పి చెప్పొచ్చు. తెలుగులో ఆమెకు ఒక్కటే దొరికింది.

"మీరంటే నాకిష్టం."

అతను వాన వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"ఏంటండీ? ఏదో ఒకటి అనండి, చచ్చిపోయేలా ఉన్నాను."

"భయంగా ఉంది," అన్నాడు మెల్లగా. "తప్పుగా విన్నానేమోనని. ఇంకోసారి చెప్తారా?"

ఆమె మళ్లీ చెప్పింది. భయం ఈసారీ పోలేదు గానీ, చూపు మాత్రం దించలేదు.