చెవుల్లో దూది

"ఇవాళ దేవుడి మాట వినే తీరతాను!" అంది తుఫాను, దూది ఉండలు చుడుతూ.

తుఫాను అంటే గాలివాన కాదు, పదేళ్ల పిల్ల. నడవమంటే పరుగెత్తుతుంది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే చెప్పేస్తుంది. అందుకే ఆ పేరు. పట్టు పట్టిందంటే మాత్రం ఉడుం పట్టే.

"దేవుడు అరవడే పిచ్చిదానా. నువ్వు కాస్త నెమ్మదిస్తే వినిపిస్తాడు," అని పొద్దున నానమ్మ అన్నప్పటి నుంచీ ఇదే పంతం.

వాళ్ల నాన్నకు బేకరీ ఉంది. "అమ్మలూ, నేను వీధిలో పిండి బస్తాలు దించుకుని వస్తా. ఓవెన్‌లో బ్రెడ్లు ఎర్రబడగానే పిలువు. సాయంత్రం ఆసుపత్రికి పంపాలి," అన్నాడాయన.

"సరే నాన్నా!" అంది తుఫాను. కానీ ఓవెన్ రొద, వీధిలో హారన్లు. ఈ గోలలో దేవుడి మాట ఎలా వినిపిస్తుంది? వెనక గదిలోకి వెళ్లి, చెవుల్లో దూది కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"త్వరగా మాట్లాడు దేవుడా, నాకు బోలెడు పనుంది!"

ఎవరో భుజం తట్టారు. ఆరేళ్ల తమ్ముడు చిన్నోడు. వాడికి మాట తడబడుతుంది. తుఫాను విసుగ్గా ఒక చెవిలో దూది తీసింది.

"అక్కా... బ్రె... బ్రె..."

"ష్! దేవుడి మాట వింటున్నా. తర్వాత చెప్పు."

"కా... కాదక్కా..."

"పో అన్నానా!" దూది మళ్లీ చెవిలోకి వెళ్లింది.

చిన్నోడు వీధిలోకి పరుగెత్తి నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసరికి ఓవెన్ గదంతా పొగ. బ్రెడ్లు బొగ్గులయ్యాయి. మాడు వాసనకి తుఫాను కూడా దూది పీకేసి పరుగెత్తుకొచ్చింది.

నాన్న తిట్టలేదు. ఆలస్యమవుతుందని ఆసుపత్రికి ఫోన్ చేసి, చొక్కా చేతులు మడిచి మళ్లీ పిండి కలపసాగాడు. తిట్టినా బాగుండేదనిపించింది తుఫానుకి.

"అ... అదే చె... చెప్దామని వచ్చా," అన్నాడు చిన్నోడు నేల చూపులు చూస్తూ.

తుఫానుకి ఏడుపొచ్చింది. వీడు ఇలా మాట మింగేసి ఎన్నిసార్లు వెళ్లిపోయాడో! చేతిలోని దూదిని చెత్తబుట్టలో పారేసింది. నాన్న పక్కన నిలబడి పిండి పిసికింది. రెండో వాయి ఓవెన్‌లోకి వెళ్లాక, దాని ఎదురుగా స్టూలు వేసుకుని కదలకుండా కూర్చుంది.

చీకటి పడక ముందే బ్రెడ్లు బంగారు రంగులో బయటికొచ్చాయి. నాన్న వాటిని వ్యాన్‌లో పెట్టించాడు. అప్పుడొచ్చాడు చిన్నోడు.

"అక్కా... నా... నాకు..."

'నీకూ బ్రెడ్డు కావాలా?' అన్న మాట తుఫాను నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. వీధిలో ఎవరో ఆటకు పిలిచారు. అయినా కదల్లేదు.

"నాకు రే... రేపు క్లాసులో క... కథ చెప్పమన్నారు. మొ... మొత్తం వింటావా?"

బ్రెడ్డు కాదు! తను అనుకున్నది పూర్తిగా తప్పు.

"వింటాను. నిదానంగా చెప్పు."

వాడు మొదలుపెట్టాడు. ఆగుతూ, తడబడుతూ, మళ్లీ అందుకుంటూ. వాడి కథలో ఒక నక్క ఉందనీ, అది చాలా నవ్విస్తుందనీ తుఫానుకి ఇవాళే తెలిసింది.

నానమ్మ తలుపు దగ్గరికొచ్చి తొంగి చూసింది.

"ఏమే తుఫానూ, దేవుడి మాట వినిపించిందా?"

తుఫాను పెదాల మీద వేలు పెట్టింది.

"ష్... తమ్ముడు ఇంకా చెప్తున్నాడు నానమ్మా."