తెర మీద రెండు హెల్మెట్లు

"సుక్రూ... అన్నా... రా, ఇంటికి పోదాం."

భాను గొంతు మలుపు అవతల లోయలోకి దిగి, మంచులో తడిసి, ఎక్కడో ఆగిపోయింది. మామూలుగా ఆ లోయ ఏ పేరు పిలిచినా తిరిగి పిలుస్తుంది. టూరిస్టులు కార్లు ఆపి మరీ అరిచి, తిరిగొచ్చిన తమ గొంతులు విని నవ్వుకుంటారు. ఆ సాయంత్రం మాత్రం ఏమీ తిరిగి రాలేదు.

రోడ్డు అంచున అడ్డాకు దొప్ప, దొప్పలో గుప్పెడు చోడిపిండి. పక్కన గొంతుక్కూర్చున్న మంగ్లు తాత కన్ను ఆర్పకుండా ఆ పిండినే చూస్తున్నాడు. ఊరి దిశారి ఆయన. విత్తనానికి మంచిరోజు చెప్పేదీ, దారిలో పోయినవాళ్ళను ఇంటికి పిలుచుకొచ్చేదీ ఆయనే. వాళ్ళ ఊరి పద్ధతి అది. ఇంట్లో పోయినవాడు ఇంట్లోనే ఉంటాడు. దారిలో పోయినవాడికి దారి తెలియదు. అయినవాళ్ళే ఆ చోటికి వెళ్ళి పేరు పెట్టి పిలవాలి. ఏ చీమో పురుగో వచ్చి పిండి ఎక్కితే మనిషి వచ్చినట్టు. అప్పుడు దొప్పను గుడ్డలో మూటగట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి తెచ్చుకోవాలి.

ఇలా రావడం ఇది మూడో సంత రోజు. అడుగు తీసి అడుగు వేస్తే చీమలుండే ఆ ఎర్రమట్టిలో, దొప్ప దగ్గరికి మాత్రం ఒక్కటీ రాలేదు.

ఫల్గుణ బండికి ఆనుకుని నిలబడి భానునే చూస్తున్నాడు. మంచు ఆమె జుట్టు మీద సన్న సన్న పూసలై నిలిచింది. కాఫీ తోటల వైపు నుంచి పండిన కాయల పులిసిన వాసన వస్తోంది. అన్న ఈ మలుపులోనే బండి జారి చనిపోయి నెల దాటినా, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినా, ఆమె పిలుస్తుంటే కొండలు కూడా పని మానుకుని వింటున్నట్టు అనిపించింది అతనికి. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

సుక్రు ఇంటికి రాకపోతే వాళ్ళమ్మ యర్రమ్మ పొయ్యి ముట్టించదు. ఆ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడానికి లేదు. ఆ పెళ్ళి భానుది, తనది. వరసకు మేనత్త కూతురు. చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. కానీ ఫల్గుణ గుండెల్లో ముల్లులా దిగింది అది కాదు. ఒక మాట. ఆ మాట చెబితే భాను ఇక తనది కాదు. చెప్పకుండా ఉంటే నిద్ర లేదు.

జేబులో ఫోను మోగింది. దేవీప్రసాద్. అరకులో టూరిస్టులకు బళ్ళు అద్దెకిచ్చే షాపు ఆయనది. ఫల్గుణ, సుక్రు ఇద్దరూ అక్కడే పని చేసేవాళ్ళు.

"ఏరా, బండి సెట్టయిందా? శనివారం హైదరాబాదు పార్టీ వస్తన్నారు."

"అవుతాదండి."

"నెల నుంచీ అవుతాదే అంటన్నావు. నాలుగు మోడ్‌లున్న బండని ఎగేసుకుని కొన్నాను. మూడు చచ్చిపోయి ఒక్కదాంట్లోనే ఏడుస్తన్నాది. ఎన్ని మార్లు మార్చినా తన మాట మీదికే వచ్చేత్తాది, మా యావిడలాగ."

ఫల్గుణకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి, పళ్ళు కొరుకుతూ బండి వైపు చూశాడు.

ఆ పెద్ద బండి షాపుకి వచ్చిన రోజు అతను పుస్తకం ముందేసుకుని రాత్రంతా చదివాడు. రెయిన్, రోడ్, స్పోర్ట్, చివర యూజర్. వాన పడితే రెయిన్ పెట్టుకోవాలి. యాక్సిలేటరు ఎంత తిప్పినా బండి మెత్తగా లేస్తుంది. చక్రం జారబోతే కంప్యూటరు ముందే పసిగట్టి పవర్ తగ్గిస్తుంది. యూజర్ అంటే మన ఇష్టం. ఏది ఉంచాలో, ఏది పీకెయ్యాలో మనమే పెట్టుకోవచ్చు. సీటు మీద ఎంత బరువుందో కూడా బండే చూసుకుంటుంది. ఒక్కడు కూర్చుంటే హ్యాండిల్ మధ్య తెర మీద ఒక హెల్మెట్ బొమ్మ. వెనక ఇంకొకరు ఎక్కితే రెండు. సామాను కూడా ఉంటే రెండు హెల్మెట్లు, పక్కన ఒక సంచి.

"ఇది బండి కాదు భానూ, మనసున్న మనిషి," అనేవాడు అప్పట్లో.

ఇప్పుడు దాన్ని చూస్తే తన్నాలనిపిస్తోంది. నెల నుంచీ అదే వరస. రెయిన్ పెడతాడు. కీ ఆపి తిప్పుతాడు. యూజర్. రోడ్ పెడతాడు. యూజర్. బ్యాటరీ వైరు పీకి ఒక పూట వదిలేశాడు. మళ్ళీ యూజర్. వైజాగులో షోరూమ్ వాళ్ళు కంప్యూటరు తగిలించి, అంతా బాగానే ఉందని బిల్లు ఇచ్చారు. ఈ రోజు దీన్ని ఇక్కడికి తేవడం అతనికి ఇష్టం లేదు. మంగ్లు తాతే పట్టుబట్టాడు. వాడు పోయిన బండి తెండిరా, చూస్తే గుర్తుపడతాడు అని.

తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"రాడే. ఇంక పొద్దు పోనాది."

"ఇంకొక్కమారు పిలుత్తాను తాతా," అంది భాను.

"ఎన్నిమార్లు పిలిత్తే ఏటి? మనం పిలిచేవోళ్ళం పిలుత్తన్నాం. పిలవాల్సినోడు ఎవడో పిలవలేదు."

ఆ మాట అంటూ ఆయన ఫల్గుణ వైపు చూడలేదు. అందుకే ఫల్గుణకు భయమేసింది. దొప్ప భాను చేతికిచ్చి, బేగి వచ్చెయ్యండని చెప్పి, తాత కాఫీ మొక్కల మధ్య అడ్డదారిలో దిగిపోయాడు. కాసేపు ఆయన కర్ర చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

ఫల్గుణ కీ తిప్పాడు. తెర వెలిగింది. యూజర్.

రెయిన్ పెట్టాడు. రెండు లెక్కపెట్టేలోగా యూజర్.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ యూజర్.

"నీ..." అని ట్యాంకు మీద అరచేత్తో కొట్టాడు. చెయ్యే మండింది.

"దాన్నెందుకు కొడతావు బావా?" అంది భాను అలసటగా. "అదేటి సేసింది?"

కీ ఆపి సీటు ఊడదీశాడు. ఫ్యూజులైనా చూద్దామని. చూసి, అలాగే వంగి ఉండిపోయాడు.

ఫ్యూజుల పెట్టె పక్కన, వైర్ల మధ్య, బొటనవేలంత నల్ల ప్లగ్గు.

దాన్ని అతనే పెట్టాడు, రెండు నెలల క్రితం. కీ ఆపినప్పుడల్లా బండి దానంతటది యూజర్ వదిలి భద్రంగా ఉండే పద్ధతికి వెళ్ళిపోతుంటే, అలా పోకుండా పట్టి ఉంచే ప్లగ్గు అది. అతనే పీకేశాడు కూడా. సుక్రుని మట్టి చేసిన రోజు, ఎవరూ చూడకుండా, ఇదే మలుపు దగ్గర నుంచి లోయలోకి విసిరేశాడు.

ఇప్పుడది తడిగా ఉంది. సందుల్లో ఎర్రమట్టి.

"ఏటది?"

"ఏం లేదు... ఫ్యూజు."

పీకి, పిడికిట్లో దాచుకుని, భాను అటు తిరగ్గానే లోయలోకి బలంగా విసిరాడు. పడిన చప్పుడు కోసం విన్నాడు. ఆకు కదల్లేదు. రాయి మోగలేదు. పట్టుకున్నట్టు... ఎవరో చేత్తో పట్టుకున్నట్టు... ఆగిపోయింది.

సీటు బిగించి, ఎక్కి కూర్చుని, కీ తిప్పి స్టార్ట్ చేశాడు. ఈసారి తెర మీద రెయిన్. నిలబడింది. పది లెక్కపెట్టాడు. నిలబడే ఉంది. ఊపిరి వదిలాడు.

భాను ఆఖరుసారి పిలవడానికి నాలుగడుగుల ముందుకెళ్ళి, లోయ అంచున అతనికి వీపు పెట్టి నిలబడింది. చేతుల్లో దొప్ప. హెడ్‌లైటు వెలుతురులో మంచు ఆమె చుట్టూ పొగలా తిరుగుతోంది. ఎంత బాగుందో అనుకున్నాడు.

అప్పుడు తెర మీద హెల్మెట్ పక్కన ఇంకో హెల్మెట్ వచ్చింది.

వెనక సీటు దిగింది. మెల్లగా. మనిషి కూర్చున్నప్పుడు దిగినట్టే.

తడిసిన రెయిన్‌కోటు వాసన...

ఎడమ భుజం మీద రెండు వేళ్ళు తట్టాయి. ఒకసారి. రెండుసార్లు. వెనక కూర్చుంటే మలుపు వచ్చే ముందు సుక్రు అలాగే తట్టేవాడు. నెమ్మదిరా అని.

ఫల్గుణ తల తిప్పలేదు. మెడ తిరగలేదు.

తెర మీద రెయిన్ పోయింది. యూజర్.

బండి గేరులో లేదు. రోడ్డు వాలు కూడా ఇటు లేదు. అయినా చక్రం కదిలింది. జానెడు. ఇంకో జానెడు. నేరుగా భాను వీపు వైపు. ఫల్గుణ రెండు బ్రేకులూ నొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. బిగుసుకునే జారుతున్నాయి, తడి కంకర మీద, చప్పుడు లేకుండా...

"సుక్రూ..." అని పిలుస్తోంది భాను. వెనక్కి చూడడం లేదు. పిలిచేటప్పుడు చూడకూడదు.

భానూ అని అరుద్దామంటే గొంతులో గాలి లేదు. చెవి దగ్గర ఎవరో ఓపిగ్గా ఊపిరి తీస్తున్నారు. చెప్పు అన్నట్టు.

"నేనే," అన్నాడు ఫల్గుణ. గుసగుసలా వచ్చింది. "భానూ, నేనే పెట్టాను. సంత రోడ్డు బురదలో చక్రం తిప్పుతూ నీకు వీడియో తీసి పంపాను కదా. దానికోసం జారకుండా ఆపేవన్నీ పీకేశాను. ప్లగ్గు పెట్టాను. తర్వాత తీసెయ్యడం... మర్చిపోయాను. ఆ రోజు వానలో టూరిస్టులకి బండి ఇచ్చిరమ్మని ప్రసాద్ గారు సుక్రుని పంపారు. వాడికి తెలీదు."

బండి ఆగింది. ముందు చక్రానికీ భాను మడమకూ మధ్య బెత్తెడు.

ఆమె తిరగలేదు. దొప్పలోకి వంగి చూసింది.

పిండి మీద నల్లచీమ. ఒక్కటే.

"వచ్చాడు," అంది భాను. కొంగు చివర చింపి దొప్పను మూటగట్టింది.

"నీ మొకం చూడాలని లేదు నాకు. కానీ కావాలని సెయ్యలేదు కదా నువ్వు. మర్చిపోడం ఎవులికైనా ఉంటాది." కళ్ళు తుడుచుకుంది. "అన్న కూడా ఆ మాటకే వచ్చినట్టున్నాడు. అమ్మతో నేను సెప్తాను. పద, వెనక్కి సూడకు."

నెల రోజులుగా కలలో కూడా దొరకని మాట అది. ఫల్గుణకు ఏడుపొచ్చింది. సుక్రు మూటలో ఉన్నాడు. భాను ఉంది. అయిపోయింది. అంతా అయిపోయింది.

ఆమె వచ్చి వెనక ఎక్కబోయి, ఆగింది.

"కొంచెం ముందుకి జరుగు బావా. సోటు లేదు."

అతను అప్పటికే ట్యాంకుకి అతుక్కుని కూర్చున్నాడు.

"జరిగావా?" అని, ఎలాగో సర్దుకుని ఎక్కింది. బండి బాగా కిందికి దిగింది.

తెర మీద రెండు హెల్మెట్లు. పక్కన సంచి.

సామాను ఏమీ లేదు. ఒళ్ళో గుప్పెడు పిండి, అంతే. ఫల్గుణ అద్దంలో చూశాడు. భాను రెండు చేతులూ మూట చుట్టూనే ఉన్నాయి, గట్టిగా.

ఎడమ భుజం మీద రెండు వేళ్ళు తట్టాయి.

సుక్రు మూటలో ఉంటే...

మళ్ళీ తట్టాయి. ఈసారి తియ్యలేదు. అలాగే ఆనించి ఉంచాయి. చల్లగా, తడిగా.

"పోనీ బావా," అంది భాను.

ఫల్గుణ కీ ఆపేశాడు. తెర ఆరిపోలేదు. కళ్ళు మూసుకుని, లోయకు వినపడేంత గట్టిగా, ఒక్కో మాటే బయటికి తోశాడు.

"మర్చిపోయానన్నది అబద్ధం, భానూ. అన్నకి కేరేజీ తెచ్చి, వాడు బండి ఇచ్చొచ్చాక తింటాడని నువ్వు ఆ రోజు షాపులో నా పక్కనే ఉన్నావు. పుస్తకంలో మోడ్‌లు చూపిస్తుంటే నవ్వుతున్నావు. వాడు గేటు దాటుతుండగా నాకు గుర్తొచ్చింది. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. పేరు పెట్టి ఒక్క కేక. కానీ వాడు వెనక్కొస్తే నువ్వు కేరేజీ ఇచ్చేసి వెళ్ళిపోతావు. గుర్తుండే... నేను వాణ్ణి పిలవలేదు."