అబూటో గిటార్‌కి కొత్త గొంతు

సరస్సు ఒడ్డున మ్బిటా రేవులో అపోండి రేడియో రిపేరు కొట్టు ఎంత చిన్నదంటే, ఆవిడ తుమ్మితే తల రోడ్డు మీదికి వచ్చి మళ్ళీ లోపలికి పోయేది. కొట్టు చిన్నదే గానీ అపోండి చిన్నది కాదు. ఆవిడ పడవెక్కితే పడవవాడు అవతలి వైపు మొక్కజొన్న బస్తాలు వేసి సరిచేసుకునేవాడు. ఆ మధ్యాహ్నం రేకుల కప్పు పెనంలా కాగుతోంది. రేవులో ఎండేసిన చిట్టిచేపల వాసన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నట్టు కదలకుండా ఉంది. ఒగ్వెల్ చంకలో దుప్పటి చుట్టిన గిటార్‌తో లోపలికొచ్చాడు.

“పసిబిడ్డ శవాన్ని తెచ్చినట్టు తెచ్చావేంట్రా,” అంది అపోండి.

ఒగ్వెల్ నవ్వలేదు. “దీని గొంతు మార్చాలక్కా. శనివారం లోపల.”

శనివారం అబూటో సంవత్సరీకం. అబూటో అంటే ఒగ్వెల్ పెద్దమ్మ అకుము కొడుకు, పాటల బృందానికి నాయకుడు. ఆ తీరంలో అలాంటి గిటారిస్టు మళ్ళీ పుట్టలేదు. అతను తీగ మీటితే సరస్సులో నీటిగుర్రాలు ఒడ్డుకొచ్చి వరసగా నిలబడేవి, పోట్లాడుకుని విడిపోయిన మొగుడూ పెళ్ళాలు దారిలోనే రాజీపడి ఇంటికొచ్చేవాళ్ళు. ఏడాది కిందట ఇద్దరూ మ్ఫంగానో దీవి నుంచి తిరిగొస్తుంటే గాలివానకి పడవ బోల్తాపడింది. ఒగ్వెల్ అబూటో గిటార్‌తో ఒడ్డుకి చేరాడు. అబూటో చేరలేదు. శవం కూడా దొరకలేదు. దొరకని మనిషికి చేసినట్టే, మనిషి మొండెమంత యాగో చెట్టు కాయ ఒకటి కోసుకొచ్చి, దానికి అబూటో చొక్కా తొడిగి, ఇంటి వాకిట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు.

అకుము ఆ రోజే చెప్పింది. “ఏడాది తిరిగేసరికి ఈ గిటార్ నా వాకిట్లో తియ్యగా పలకాలి. పలికితే అదీ నీదే, బృందమూ నీదే. పలక్కపోతే ఆ కాయ పక్కనే పూడ్చేస్తాను.”

తల్లి చచ్చిపోయాక ఆ పెద్దమ్మ చేతి ముద్దే తిని పెరిగాడు ఒగ్వెల్. చిన్నప్పట్నుంచీ అతనికి ఒక్కటే కోరిక, ఆ గిటార్ మెడలో వేసుకుని ముందు వరసలో నిలబడాలని. ఏడాదిగా అది అతని చేతిలోనే ఉంది. కానీ మీటితే చాలు, తుప్పుపట్టిన రంపంతో రేకు కోసినట్టు కీచుమనేది. పెళ్ళిళ్ళలో జనం ప్లేట్లు వదిలేసి చెవులు మూసుకునేవారు. ఒకసారైతే ఆ దెబ్బకి హోమా బే పట్నం దాకా ఉన్న మేకలన్నీ పాలివ్వడం మానేశాయి.

అపోండి తీగలు ఊడదీసింది. స్క్రూలు తిప్పి పైపలక ఎత్తింది. అడుగున చెమ్మ... పలక మీద ఆకుపచ్చని నాచు, సన్నటి పోగులాగా.

“ఎక్కడ పెట్టావురా దీన్ని? బావిలోనా?”

“వాయించనప్పుడు గోడకే వేలాడుతుందక్కా.”

ఆవిడ పలక తుడిచి పికప్ చూపించింది. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న డబ్బీ. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన తీగ వణికితే, ఆ వణుకుని పట్టుకుని స్పీకర్ పెట్టెకి మోసేది అదే.

“నీ రోగం ఇక్కడుంది,” అంది అపోండి. “చుట్ట వదులైపోయింది. మైనం ఎప్పుడో రాలిపోయింది. ఇప్పుడిది తీగల్నే కాదు, పక్కన ఎవడు అరిచినా పట్టేస్తుంది. చూడు.” గిటార్ వైరు స్పీకర్ పెట్టెకి తగిలించి, పికప్ దగ్గరికి నోరు తెచ్చి అంది, “వినపడుతోందా?”

స్పీకర్ పెట్టెలోంచి ఆవిడ గొంతే గరగరా వచ్చింది. వినపడుతోందా?

అపోండి పకపకా నవ్వింది. “చెవిటి ముసలమ్మకి చెవులొచ్చినట్టుంది! ఇది ఎప్పుడో ఎవడో అరిచింది ఇంకా పట్టుకు కూర్చుందేమోరా!”

ఒగ్వెల్ గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. ఆవిడ నవ్వు ఆగింది. పెట్టె ఆగలేదు. లోపల ఏదో... నీళ్ళు మింగుతున్నట్టు. గుటక. మళ్ళీ గుటక. ఆ తర్వాత కీచుమని, పళ్ళు జిల్లుమనేలా, ఆ పాత అరుపే. తీగ ఒక్కటీ లేని గిటార్‌లోంచి.

“పీకెయ్!” అన్నాడు ఒగ్వెల్.

అపోండి కాగిన కడ్డీతో అతుకు తాకింది. సీసం కరిగింది, పొగ లేచింది, వైరు ఊడింది. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఒగ్వెల్‌కి సరస్సు వినపడింది.

తలకిందులైన పడవ. దాని వీపు మీద తను. ఒక చేతిలో గిటార్ నడుము, ఇంకో చేతిలో తెడ్డు. నీళ్ళలోంచి అబూటో చేతులు వచ్చి గిటార్ మెడని పట్టుకున్నాయి. ఆ తీరం మొత్తం మొక్కే చేతులు. పడవ వీపు మీద ఇద్దరికీ చోటుంది. ఆ సంగతి ఒగ్వెల్‌కి తెలుసు. తెలిసే తెడ్డు ఎత్తాడు. ఆ వేళ్ళ మీదే కొట్టాడు, అవి వదిలేదాకా. అబూటో ఏదో అరిచాడు. గాలిలో మాట తెలియలేదనే ఒగ్వెల్ తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకుని చెప్పుకుని చివరికి నమ్మాడు.

అపోండి వేరే పికప్ అతికించింది. ఇంకో గిటార్‌లోంచి తీసినది, మైనంలో ముంచి చుట్ట బిగించినది. తీగలు కట్టింది. ఒగ్వెల్ ఒక మెట్టు నొక్కి తీగ మీటాడు.

తేనె. వేడి ముద్ద మీద వెన్న జారినట్టు. రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు తిట్లు సగంలో ఆపి ఇటు తిరిగారు. ఒగ్వెల్ కళ్ళమ్మట నీళ్ళు ధారకట్టాయి, దోసిలి పడితే దాహం తీర్చుకోవచ్చు.

“ఏడవకురా, తడికి తీగలు తుప్పుపడతాయి,” అంది అపోండి. తర్వాత ఒక కన్ను సగం మూసి చూసింది. “ఒక్క మాట. పాతది ఎంత గరుగ్గా ఉన్నా మాటని మింగేసేది. ఇది అద్దం గొంతు. నీ చేతిలో ఏముంటే అదే బయటికి చెబుతుంది.”

“నాకదే కావాలక్కా,” అన్నాడు ఒగ్వెల్.

ఆ తీరంలో మాటకే రాగం ఉంది. గొంతు ఎక్కితే ఒక అర్థం, దిగితే ఇంకో అర్థం. అందుకే గాయకుడు ఒక వరస పాడితే గిటార్ అదే వరసని మాట మాటగా తిరిగి పలుకుతుంది, విన్నవాళ్ళు దాన్ని నోటి మాటలాగే అర్థం చేసుకుంటారు. ఇక పక్రువోక్ అనే ఆచారం సంగతి. పాట మధ్యలో ఎవరైనా లేచి చెయ్యెత్తితే వాయిద్యం ఆగాలి. ఆ మనిషి తనెవరో, ఎవరి బిడ్డో, ఎంత గొప్పో చాటుకుంటే, గిటార్ ఆ మాటలే తిరిగి పలకాలి. నిలబడ్డ మనిషి కూర్చునేదాకా ఆపకూడదు. ఆపితే వాళ్ళ వంశం మొత్తం మీద ఉమ్మినట్టు.

శనివారం అకుము వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు. వండిన చేపలకి సరస్సులో నీటిమట్టం జానెడు తగ్గింది. యాగో కాయ సమాధి పక్కనే స్పీకర్లు పెట్టారు, వెనకాల జనరేటర్ దడదడలాడుతోంది. పడమట సరస్సు మీద నల్లటి మేఘం లేచింది. పొద్దు గుంకకముందే వాకిలి మసకబడింది.

“ఒగ్వెల్, చెవుల్లో దూది పెట్టుకునే వచ్చాంరా!” అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

“నాకైతే చెవులు ఇంట్లోనే పెట్టి వచ్చే వీలుంటే బాగుండేది!” అంది ఇంకొకావిడ. జనం గొల్లుమన్నారు.

ఒగ్వెల్ మీటాడు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. దూది పెట్టుకున్నవాళ్ళు దూది తీసేశారు. ముసలాళ్ళు కర్రలు పారేసి ఎగిరారు. ఒగ్వెల్ పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. గెలిచాననుకున్నాడు.

అప్పుడు అకుము లేచింది. చెయ్యెత్తింది.

వాయిద్యం ఆగింది.

“నేను అకుముని,” అంది. పీలగొంతు, కానీ వాకిలంతా వినపడింది. “నీళ్ళు మింగిన కొడుక్కి తల్లిని. నా కొడుకు వేళ్ళకి సాటి లేదు. ఆ వేళ్ళని మెచ్చుకోరా నాయనా, ఒగ్వెల్.”

ఒగ్వెల్ ఆమె మాటలే పలికించబోయాడు. నేను అకుముని... అంతవరకే. ఆ తర్వాత ఎడమ చెయ్యి గిటార్ మెడ మీద తనంతట తానే కిందికి జారింది. చల్లగా. ఎవరో ఆ చేతి మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టు. తడి చెయ్యి.

గిటార్ పలికింది. తియ్యగా, స్పష్టంగా, అక్షరం అక్షరం.

*తల మీద కొట్టరా తమ్ముడూ... వేళ్ళ మీద వద్దు...*

ఒక బాలెంత బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏమందది?” అని ఎవరో గుసగుసలాడారు.

“విన్నావుగా...”

ఒగ్వెల్ చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. *తల మీద కొట్టరా... తమ్ముడూ...* ఆ మాట అతనికి కొత్త కాదు. అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఏడాదిగా తెలుసు.

“కూర్చో పెద్దమ్మా,” అన్నాడు. “కాళ్ళు నొప్పెడతాయి... కూర్చో...”

అకుము అతని కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టే, అంత మెత్తగా.

“బాగుంది నాయనా,” అంది. “మళ్ళీ వాయించు.”

వాన మొదలైంది. జనం కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తారు. ఎంత పరుగంటే కొందరి చెప్పులు మర్నాటికి గానీ ఇళ్ళు చేరలేదు. జనరేటర్ దగ్గి, ఆగింది. స్పీకర్ల మీది ఎర్ర దీపాలు ఆరిపోయాయి.

పాట ఆరలేదు.

“పెద్దమ్మా... నీ కాళ్ళకి మొక్కుతాను...”

“మళ్ళీ.”

*వేళ్ళ మీద వద్దు... వేళ్ళ మీద... వద్దు...*

“మళ్ళీ.”

ఎవరూ చూడ్డానికి మిగల్లేదు. తీరమంతా తలుపులేసుకుని విన్నారు. వాన వెలిశాక పొరుగువాళ్ళు వెళ్ళేసరికి ఒగ్వెల్ సమాధి పక్క బురదలో పడి ఉన్నాడు. తీగలు కోసుకుంటే వేళ్ళ కొనలు తెగాలి. అతని కొనలు చెక్కుచెదరలేదు. వేళ్ళ వీపులు మాత్రం, కణుపు కణుపూ, చెక్కతో మోదినట్టు నుజ్జయిపోయాయి.

ఆస్పత్రిలో ఆ వేళ్ళకి కట్లు కట్టారు. కట్ల లోపలే అవి దుప్పటి మీద మెట్లు వెతుక్కుంటూ కదులుతూనే ఉన్నాయి. నర్సు పట్టుకుంటే ఆగవు. మందు పెడితే ఆగవు. అరవకుండా మాత్రం ఒగ్వెల్ ఉండలేడు, ఎందుకంటే ఎముకలు విరిగినవి విరిగినట్టే కదులుతున్నాయి.

అకుము గిటార్‌ని ఆ కాయ పక్కన పూడ్చలేదు. తీగలు పీకి గోడకి తగిలించింది. ఆ రోజు నుంచీ ఆమె కూర్చోలేదు. తలుపుకి ఆనుకుని నిలబడే తింటుంది, నిలబడే కునుకు తీస్తుంది. చుట్టపక్కాలు వాకిట్లో కుర్చీ వేశారు.

మొన్న అపోండి చేపలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. “వదినా, ఆ కాళ్ళు చూడు, గుమ్మడికాయల్లా వాచాయి. కూర్చోవమ్మా. నువ్వు కూర్చుంటే ఆ అబ్బాయి చేతులూ ఆగుతాయి,” అంది మెల్లిగా.

అకుము ఆవిడ వైపు వింతగా చూసింది.

“ఎక్కడ కూర్చోను?” అంది. “కుర్చీ ఖాళీగా ఉంటేగా?”

అపోండి తిరిగి చూసింది. కుర్చీలో ఎవరూ లేరు. ఎండ మండిపోతోంది, వారంగా చినుకు లేదు. కుర్చీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి... చుక్కా, చుక్కా. చేతులు పెట్టుకునే చోట, రెండు వైపులా, పచ్చటి నాచు.