నేరేడ్‌మెట్ షెడ్డులో లెక్కపెట్టే గొంతు

నేరేడ్‌మెట్‌లో మిలిటరీ గోడ వెంట పోయే సందు చివర ఒక మెకానిక్ షెడ్డు ఉంది. పగలు చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ కనిపించదు. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, మధ్యలో మనిషి నిలబడి బండి అడుగున పని చేసుకునేంత గుంత. అంతే. రాత్రి పది దాటితే మాత్రం ఆ సందులోంచి ఎవరూ పోరు. పోక తప్పకపోతే గోడకు రాసుకుంటూ, షెడ్డు వైపు తల తిప్పకుండా పోతారు.

ఎందుకంటే... ఆ గుంతలో ఎవరో లెక్కపెడతారట.

మొదట విన్నది రోసమ్మ. సందు మొగదల టిఫిన్ బండి ఆమెదే. ఒకరోజు బోయిగూడలో చుట్టాలింట ప్రార్థనకు పోయి, బాగా పొద్దుపోయి తిరిగొస్తోంది. షెడ్డు షటర్ కింద జానెడు సందు. అందులోంచి సన్నగా వెలుగు — పైనుంచి కాదు, నేలలోంచి. తర్వాత గొంతు. గొంతు కూడా కాదు, ఊపిరి.

ఒకటి... కర్ర్. రెండు... కర్ర్. మూడు...

"పద్దెనిమిది దాక ఇన్న. అటెన్క నా చెప్పులు ఏడ పోయినయో నాకే ఎర్కలేదు" అని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు విన్నారు. ఎవరికి తోచిన కథ వాళ్ళు కట్టారు. ఎప్పుడో జాకీ జారి బండి కింద ఒక క్లీనర్ చనిపోయాడని, తన ఎముకలు తానే లెక్కపెట్టుకుంటున్నాడని ఒకరన్నారు. ఆ క్లీనర్ పేరేమిటో, ఏ ఏడు చనిపోయాడో అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు.

షెడ్డు బ్రహ్మచారి అనే ముసలి మెకానిక్‌ది. నలభై ఏళ్ళుగా ఆ గుంతలో దిగి ఎక్కుతున్నవాడు. ఆయనకు ఇది నవ్వులాట.

"దెయ్యమే అయితే మంచిదే రోసమ్మా. జెర పాన పట్టుకోమను. పనికి మనుషులు దొరుకుతలేరు."

"నవ్వుకో చారన్నా, నవ్వుకో. ఒక్కనాడు నువ్వు ఇంటే తెలుస్తది."

"నేను రాత్రి తొమ్మిదికే పండుకుంటా. నాకు ఇనిపియ్యాలంటే అదే పగలు రావాలె."

ఆయన భార్య అనసూయమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మరునాడే షటర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది. రాత్రిపూట ఆ దిక్కు ఎవరినీ పోవద్దని చెప్పమని రోసమ్మకు కూడా చెప్పింది.

బ్రహ్మచారికి దెయ్యాల భయం లేదు గానీ, వేరే భయం ఉంది. దాన్ని ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఏడాదిన్నర కింద ఒక పాల వ్యానుకు ఆయిల్ మార్చి పంపాడు. అడుగు బోల్టు చేత్తో పెట్టి, పానతో బిగించడం మరిచిపోయాడు. శామీర్‌పేట దాటేసరికి నూనె మొత్తం కారిపోయింది. ఇంజను పట్టేసింది. వ్యాను ఓనరు సందంతా వినేలా అరిచాడు. ఆ అరుపులు బ్రహ్మచారికి ఇప్పుడు గుర్తు లేవు. పోతూ పోతూ మెల్లగా అన్న మాట ఒక్కటే గుర్తుంది.

"ముసలైనవ్ చారీ. ఇగ ఇంట్ల కూసో."

నాలుగు రోజులు గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. అయిదో రోజు లేచి షెడ్డు తెరిచాడు. ఆ తర్వాత మళ్ళీ తప్పు జరగలేదు. ఒక్క బండి కూడా చుక్క నూనె కార్చలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరుస్తాడు, మనవరాలి పేరు నోట్లోకి రాదు, స్టవ్ మీద పాలు పెట్టి వెళ్ళిపోతాడు... కానీ బోల్టు దగ్గర మాత్రం మరవలేదు. తల మరిచినా చేతులు మరవవని ఆయనకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు బతుకుతున్నది ఆ ధైర్యం మీదే.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం తిరుమల్ తన పికప్ బండిని తాడు కట్టి లాక్కొచ్చాడు. టెంటు సామాను తోలే బండి అది.

"కాకా, చాంబర్ పోయింది."

ఇంజను అడుగున నూనె నిలిచే రేకు పళ్ళేన్ని వీళ్ళు చాంబర్ అంటారు. బ్రహ్మచారి వంగి చూశాడు. పళ్ళెం అడుగున బొటనవేలు పట్టేంత పగులు.

"ఏడ తాకిచ్చినవ్ రా?"

"అల్వాల్ కాడ రోడ్డు తవ్వి రాళ్ళు అట్లనే ఇడిచిపెట్టిండ్రు. చీకట్ల కనవళ్ళే. కింద ధన్‌మన్నది. ఎంటనే ఇంజను బంద్ చేసిన."

"అది మంచి పని చేసినవ్. ఇంజను బతికింది."

"రాణీగంజ్ నుంచి కొత్త చాంబర్ సుత తెచ్చిన. పొద్దుగాల అయిదింటికి సిద్దిపేట పోవాలె కాకా. పెండ్లి. కుర్చీలు, గిన్నెలు అన్నీ నా బండి మీదనే. అందరు పెద్ద షాపుకు తీస్కపో, ముసలాయన తాన ఎందుకన్నరు. నేనే..."

అంతవరకు అని తిరుమల్ నాలుక కరుచుకున్నాడు.

"నువ్వే ఏమన్నవ్?" అన్నాడు బ్రహ్మచారి, పాన తుడుస్తూ.

"చారి కాక చేతిది ఒక్క చుక్క కారదన్న."

బ్రహ్మచారి గుంతలోకి దిగాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. తిరుమల్‌ను పంపించేశాడు. పక్కన మనిషి ఉంటే మాట్లాడతాడు, మాట్లాడితే తను మరిచిపోతాడు.

మిగిలిన నూనె డబ్బాలోకి దించాడు. పాత చాంబర్ ఊడదీశాడు. దానికి ఇరవై బోల్టులు. నూనె కారకుండా అంచుకు పూసే పేస్టు పాతది అంటుకుని ఉంటే గీకి గీకి, ఇంజను అంచు వేలితో తడిమితే గరుకు తగలనంతగా శుభ్రం చేశాడు. భుజాలు పీకేశాయి. కొత్త పేస్టు సన్నని తీగలా పూసి, చాంబర్ ఎత్తి పట్టి, ఇరవై బోల్టులూ చేత్తో తిప్పి పెట్టాడు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఒకేసారి బిగిస్తే పేస్టు అంతా బయటికి ఎగదన్నుకొస్తుంది. చేత్తో పెట్టి, గంటసేపు ఆగి, పేస్టు కొంచెం గట్టిపడ్డాక పానతో పూర్తిగా బిగించాలి. ఆ పైన తెల్లారేదాకా ఆరనిచ్చి, అప్పుడు నూనె పోయాలి.

ఆ గంటలో రోసమ్మ బండి దగ్గరికి పోయి చాయ్ తాగాడు. ఏవో మాటలు. తిరిగొచ్చాడు. తొమ్మిదింటికి షటర్ దించి, రెండు సందులవతల ఉన్న ఇంటికి పోయి, రెండు ముద్దలు తిని మంచమెక్కాడు.

"పని అయినట్టేనా?" అంది అనసూయమ్మ.

"అయింది. పొద్దుగాల నాలుగింటికి లేపు, నూనె పోసేదుంది."

ఎప్పుడూ పడుకోగానే నిద్రపోయే మనిషి. ఆ రాత్రి ఎందుకో మెలకువ వచ్చింది. ఒంటిగంట దాటింది. చినుకులు రేకుల మీద పడుతున్నాయి.

కళ్ళు మూసుకుంటే ఆ పని మళ్ళీ కనిపించింది. తన చెయ్యి, పాన, బోల్టు బిగుస్తున్నప్పుడు మణికట్టుకు తగిలే ఆ చివరి పట్టు. అంతా స్పష్టంగా ఉంది. తృప్తిగా పక్కకు తిరిగాడు.

అప్పుడు ఒక సంగతి తట్టింది.

ఆ జ్ఞాపకంలో పైన ఉన్న బండి... నీలం రంగుది.

తిరుమల్ బండి తెల్లది.

బ్రహ్మచారి లేచి కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఒకటే పని చేసిన చేతులు. ఇది ఏనాటి పని? ఏ ఏటి బండి? చాయ్ తాగి వచ్చాక తను గుంతలోకి దిగాడా... దిగలేదా? ఎంత తడిమినా ఆ గంట దొరకలేదు.

ముందు గదిలో అనసూయమ్మ పక్క చీకట్లో నల్లగా కనిపించింది. లేపితే వానలో ఎక్కడికని తిడుతుంది. చప్పుడు కాకుండా మేకు దగ్గరికి పోయి షెడ్డు తాళంచెవి తడిమాడు. లేదు. షెడ్డులోనే మరిచివచ్చి ఉంటాడు. వాకిలి గడియ తీయబోతే గడియే వేసి లేదు. అదీ మరిచాడు. తన మీద తనకే విసుగు పుట్టింది. తువ్వాలు తలమీద వేసుకుని బయటపడ్డాడు.

సందులో ఒక్క దీపం లేదు. మిలిటరీ గోడ తడిసి ఇంకా నల్లగా ఉంది. కుక్కలు కూడా లేవు.

షెడ్డు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

షటర్ జానెడు పైకి ఉంది.

దించలేదా తను? దించినట్టే గుర్తు... కానీ గుర్తును నమ్మేదెట్లా? వంగాడు. షటర్ అంచు పట్టుకోబోయాడు.

లోపల వెలుగు. పైన కాదు. నేలలో.

"ఒకటి..."

చెయ్యి అట్లాగే గాల్లో నిలిచిపోయింది. రోసమ్మ చెప్పింది మాట మాటా నిజం. గొంతు కాదు అది, ఊపిరి. బండి కింద, గుంతలోంచి.

టక్.

"రెండు..."

టక్.

పారిపోవాలి. కాళ్ళు కదిలాయి కూడా. కానీ చెవులు కదల్లేదు.

టక్... ఆ చప్పుడు ఆయనకు తెలుసు. బిగిసి ఉన్న బోల్టు మీద పాన వేసి నొక్కితే వచ్చే చప్పుడు. బోల్టు తిరగదు. ఒక్క పొడి దెబ్బ, అంతే.

"మూడు..." టక్. "నాలుగు..." టక్.

అంటే బిగించాడు! తను బిగించాడు! దెయ్యమో భూతమో, అది ఒక్కొక్కటే చూసి చెబుతోంది. గుండె ఒకపక్క అదురుతూనే ఉంది, ఇంకోపక్క కుదుటపడుతోంది. తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, షటర్ కింద చెవి పెట్టాడు.

"అయిదు..." టక్. "ఆరు..." టక్. "ఏడు..." టక్.

"ఎనిమిది..."

కర్ర్... కర్ర్... కర్ర్.

బ్రహ్మచారి కళ్ళు మూసుకున్నాడు.

అది తిరుగుతున్న బోల్టు. ఎవరూ బిగించని బోల్టు.

"తొమ్మిది..." కర్ర్... కర్ర్... కర్ర్.

"పది..." కర్ర్...

ఏడు బిగించి ఆగిపోయాడన్నమాట. ఎందుకు ఆగాడో... ఫోను మోగిందో, నడుము పట్టిందో, ఎవరైనా పిలిచారో. ఏడు బోల్టుల మీద నిలిచిన చాంబర్‌తో ఆ బండి రేపు సిద్దిపేట దారి పట్టేది. ఇప్పుడు లోపల ఉన్నది ఏమిటన్న భయం ఆయనకు పోయింది. భయపడే ఓపిక కూడా లేదు. షటర్‌ను చప్పుడు కాకుండా ఇంకాస్త ఎత్తి, కిందుగా పాక్కుంటూ లోపలికి పోయాడు.

"పదకొండు..." కర్ర్... కర్ర్...

గుంత అంచున కూర్చుని కిందికి చూశాడు. గోడకు ఆనించిన సెల్‌ఫోను లైటు. పైకెత్తిన రెండు చేతులు. మోచేతుల దాకా నల్లటి నూనె. మాసిన చీర, నడుముకు దోపిన కొంగు, జారిపోతున్న నెరిసిన ముడి.

"అనసూయా..."

పాన ఠంగుమని గుంతలో పడింది.

"పండుకోలేదా నువ్వు?" అంది ఆమె, తలెత్తకుండానే.

"తాళంచెవి..."

"నేనే తెచ్చిన."

"గడియ..."

"బయటికెంచి ఎట్లేస్తనయ్యా గడియ?"

వాన కొంచెం పెరిగింది. బ్రహ్మచారి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పటి సంది?"

"ఆ పాల వ్యాను ఇంజను పట్టేసిందే... అప్పటి సంది."

ఏడాదిన్నర. ఎన్ని బండ్లో. ఒక్క చుక్క కూడా కారలేదని తను రొమ్ము విరుచుకున్న బండ్లన్నీ వరుసగా కళ్ళముందుకొచ్చాయి. వాటిలో ఎన్నింటికి కర్రుమందో అడగాలనుకున్నాడు.

"నువ్వు మల్ల గోడకు మొఖం వెట్టి కూసుంటవని..." అంది ఆమె. వంగి పాన తీసి కొంగుతో తుడిచింది. "రోసమ్మ దెయ్యమనవట్టె. మంచిదే అయిందనుకున్న. ఎవ్వలు లోపలికి తొంగి చూడరు."

"ఈ పని నీకెవరు చెప్పిండ్రు?"

"నలభై ఏండ్ల సంది రోజు అన్నం తినుకుంట నువ్వు చెప్పేది ఇదే కద. ఇంకేం మాట్లాడినవ్ నువ్వు నాతోని?"

నవ్వొచ్చింది ఆయనకు. నవ్వలేకపోయాడు.

అనసూయమ్మ చేతులు పైకెత్తి, చాంబర్ అంచు వెంట వేలు జరుపుతూ ఆగింది.

"చూడు, నువ్వొచ్చి లెక్క తప్పిచ్చినవ్. ఎన్నయినయి?"

"పదకొండు" అన్నాడు బ్రహ్మచారి వెంటనే. ఖాయంగా అన్నాడు. ఇప్పుడే కదా విన్నది, చెవుల్లో ఇంకా ఉంది. "పదకొండు అయినయి. పన్నెండు కాడికి రా."

ఆమె తలెత్తి, ఆ వెలుతురులో ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

పాన వెనక్కి జరిపి, మొదటి బోల్టు మీద పెట్టింది.

"ఒకటి..." అంది.